ఉద్యోగం మానేయాలా, వద్దా? బాబుకి 11 నెలలు, మీ అనుభవం చెప్పండి

బుజ్జిగాడి అమ్మ | మియాపూర్ | సోమవారం రాత్రి 11:42

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ మీరు రాసేవి చదవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నాను.

నాకు 31 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 8 ఏళ్ల 4 నెలల సర్వీసు. 26 వారాల మెటర్నిటీ లీవ్ అయ్యాక మా మేనేజర్ సాయంతో ఐదు నెలలు ఇంటి నుంచే పని చేశాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాల్సిందేనని మెయిల్ వచ్చింది. ఈ నెల 20లోపు నా మాట చెప్పాలి. మా అమ్మ లేదు. అత్తగారు తెనాలిలో ఉంటారు. మామగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఆవిడ కదల్లేరు.

చేతికి వచ్చేది 58 వేలు. అందులో డేకేర్ 14 వేలు, వంటమనిషి, క్యాబ్ తీసేస్తే ముప్పై చిల్లర మిగులుతుంది. ఆ ముప్పై వేల కోసం వాడిని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఎవరి చేతుల్లోనో పెట్టాలా అనిపిస్తోంది. మానేద్దామంటే, ఎనిమిదేళ్లు కష్టపడి తెచ్చుకున్నది చేజేతులా వదిలేస్తున్నానేమో అని భయం.

మావారు మంచివారు. "నీ ఇష్టం, నువ్వేం చేసినా నాకు ఓకే" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఎందుకో ఒంటరిదాన్నయిపోయినట్టు ఉంటుంది.

శనివారం డేకేర్ చూడ్డానికి వెళ్లాం. గుమ్మం పక్కన చిన్న చిన్న చెప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా నా అరచేయంత లేదు. లోపల ఉన్న అరగంటా మావాడు నా చున్నీ కొస పిడికిట్లో బిగించి నోట్లో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే తడిసి ముద్దయిపోయింది. దాన్ని ఇంకా ఉతకలేదు.

గోదారి పెద్దమ్మ | రాజమహేంద్రవరం | మంగళవారం ఉదయం 6:10

తల్లీ, నీ ఉత్తరం పొద్దున్నే చదివాను. కాఫీ చల్లారిపోయింది.

నాది పాత కథ. ఒక బ్యాంకులో క్లర్కుగా ఏడేళ్లు చేసి, 1993లో రెండో పిల్ల పుట్టాక మానేశాను. మేం చేరినప్పుడు మా బ్యాంకులో పెన్షన్ లేదు, 1995లో వచ్చింది. నాతోపాటు చేరిన ఆవిడ మేనేజరుగా రిటైరైంది, ఇప్పుడు నెలనెలా పెన్షన్ అందుకుంటోంది. ఆవిడ పిల్లలు నా పిల్లల కంటే తక్కువేం కాలేదు. నా పిల్లలూ తక్కువేం కాలేదు. ఇద్దరం బాగానే పెంచాం.

పిల్లలతో గడిపిన రోజుల గురించి నాకు ఒక్క పూట కూడా బాధ లేదు. బాధ వేరే చోట ఉంది. మా ఆయన ప్రతి నెలా ఒకటో తారీఖున బీరువాలో రేకు డబ్బాలో డబ్బు పెట్టేవారు. ఒక్కసారి కూడా లెక్క అడగలేదు. నేనే చెప్పేదాన్ని. "జాకెట్ గుడ్డకు నలభై అయ్యాయండీ" అని ఎవరూ అడక్కుండానే చెప్పేదాన్ని. ఉద్యోగం చేసిన రోజుల్లో అలా చెప్పలేదు. ఆ అలవాటు ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు, ముప్పై ఏళ్లు ఉండిపోయింది.

నువ్వు మానినా, ఉన్నా, నీ పేరు మీద ఏదో ఒకటి ఉండేలా చూసుకో అమ్మా.

కందిపొడి | విశాఖపట్నం | మంగళవారం ఉదయం 10:55

నేను మానేసినదాన్ని. ఆరేళ్లయింది. మానేసినవాళ్లందరూ బాధపడుతున్నట్టు ఈ చర్చ నడవకూడదని రాస్తున్నాను.

మా పాపకు 14 నెలలప్పుడు వెనక నుంచి పిలిస్తే తిరిగేది కాదు. కుక్కర్ విజిల్ వేసినా తిరగలేదు. ఒక రోజు స్టీలు పళ్లెం దాని వెనక కావాలనే కింద పడేశాను. ఆడుకుంటూనే ఉంది. ఆ రోజు నుంచి మా బతుకు మారిపోయింది. టెస్టులు, వినికిడి యంత్రం, రోజూ పదింటికి స్పీచ్ థెరపీ, ఇంటికొచ్చాక అదే పాఠం మళ్లీ మళ్లీ. ఒక్క "అమ్మ" అనే మాట కోసం ఏడు నెలలు కూర్చున్నాను. ఏ కంపెనీ ఇచ్చే సెలవూ దానికి సరిపోదు. ఇప్పుడు అది ఒకటో తరగతి, ఎక్కాలు గట్టిగా అప్పజెబుతుంది.

అయితే మానే ముందు ఒక పని చేశాం. కాగితం మీద రాసుకున్నాం. ఆయన జీతం పడిన రోజే నా ఖాతాలో ఫలానా మొత్తం వేయాలి. ఇంటి ఖర్చు కాదది, నాది. నా పేరు మీద పీపీఎఫ్ (ప్రభుత్వ పొదుపు ఖాతా) తెరిచాం. 15 ఏళ్ల దాకా దాన్ని కదపకూడదని ఇద్దరం అనుకున్నాం. టర్మ్ ఇన్సూరెన్స్, హెల్త్ ఇన్సూరెన్స్ ఆయన కంపెనీది కాకుండా విడిగా తీసుకున్నాం. ఈ మాటలు అడగడానికి మొదట్లో నాకు మొహమాటం అయింది. పెద్దమ్మగారు రాసిన రేకు డబ్బా సంగతి చదివాక, అడిగి మంచి పని చేశాననిపించింది.

లెక్కల అక్క | హైదరాబాద్ | మంగళవారం మధ్యాహ్నం 1:20

నేను సీఏని, ఇద్దరు పిల్లలు. చెల్లీ, నీ లెక్కలో ఒక తప్పుంది. డేకేర్, వంటమనిషి, క్యాబ్ అన్నీ నీ జీతంలోంచే ఎందుకు తీసేశావు? బాబు ఇద్దరి కొడుకు. ఆ ఖర్చు రెండు జీతాలు కలిపిన దాంట్లోంచి పోవాలి. మా ఆఫీసుకు వచ్చే ఆడపిల్లలు దాదాపు అందరూ ఇలాగే లెక్క వేసుకుని వస్తారు. మగవాళ్లెవరూ వేసుకోరు.

రెండోది, ముప్పై వేలు అనేది ఈ ఏడాది మాట. డేకేర్ ఖర్చు మూడు నాలుగేళ్లకు తగ్గుతుంది. జీతం పెరుగుతూ పోతుంది. మానేస్తే పోయేది ఈ ముప్పై వేలు కాదు, ఐదేళ్ల తర్వాత వచ్చే జీతం. 2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ పరిశోధనలో పెద్ద భాగం ఆడవాళ్ల ఉద్యోగాలు, జీతాల గురించే. ఒకే చదువు, ఒకే ఉద్యోగంతో మొదలైన ఆడా మగా జీతాల మధ్య తేడా ఎక్కువగా మొదటి బిడ్డ పుట్టాకే పెరుగుతుందని ఆవిడ చూపించారు.

ఇప్పుడు చేతిలో పని. పీఎఫ్‌తోపాటు ఉండే ఈపీఎస్ పెన్షన్ రావాలంటే 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. నీకు 8 ఏళ్ల 4 నెలలే. మానేసినా పీఎఫ్, పెన్షన్ డబ్బు మొత్తం లాగేయకు. ఫారం 10సీ పెట్టి, నీ సర్వీసు లెక్క ఉండే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకో. రేపు ఎక్కడ చేరినా ఈ సర్వీసు దానికి కలుస్తుంది. ఆ పెన్షన్ పెద్ద మొత్తమేం కాదు, కానీ నువ్వు చేసిన ఏళ్లు కాగితం మీద బతికుంటాయి. గ్రాట్యుటీకి ఐదేళ్లు దాటాయి కాబట్టి అది నీకు రావాల్సిందే, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున.

ఇంకోటి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ఏ సంస్థ అయినా క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం చూపించాలని 2017లో చట్టం తెచ్చారు. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఈ సంగతి నువ్వు చేరేటప్పుడే కంపెనీ నీకు రాతపూర్వకంగా చెప్పాలి. మీ హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టు. ఫోన్ వద్దు, మెయిలే పెట్టు.

తులసికోట | నల్గొండ | మంగళవారం సాయంత్రం 5:02

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ముగ్గురు పిల్లల్ని పెంచిన అనుభవంతో చెబుతున్నా. మూడేళ్లు వచ్చే దాకా బిడ్డకు తల్లే కావాలి. మొదటి అడుగు, మొదటి మాట, జ్వరం వచ్చిన రాత్రి, ఇవి మళ్లీ రావు. ఉద్యోగం మళ్లీ దొరుకుతుంది. మాకు లేనిది మీకుంది కదా అని సంతోషపడుతూనే చెబుతున్నా అమ్మా, వాడి బాల్యాన్ని వదులుకోకు.

నైట్ డ్యూటీ | కరీంనగర్ | మంగళవారం రాత్రి 9:48

తులసికోట అమ్మా, మీ మీద గౌరవంతోనే రాస్తున్నా. డ్యూటీకి పోయే ముందు పది నిమిషాలే ఉంది.

నేను ప్రైవేటు హాస్పిటల్‌లో స్టాఫ్ నర్సును. 19 వేలు. మా ఆయన ఆటో నడుపుతాడు, ఆ ఆటో మీద ఇంకా కిస్తీ ఉంది. మానేయాలా వద్దా అనే ప్రశ్న నాకు ఎన్నడూ రాలే. పాపకు నాలుగో నెల పడగానే డ్యూటీ ఎక్కిన. 26 వారాలు ఉంటదని నాకు అప్పుడు తెల్వదు, ఎవరూ చెప్పలే. రాత్రి రెండు గంటలకు పాలు గట్టిపడి రొమ్ములు రాళ్లలెక్క అయ్యేవి. డ్యూటీ రూముకు గొళ్లెం లేదు. తోటి సిస్టర్ బయట నిలబడితే లోపల పిండి వాష్ బేసిన్‌లో పారబోసేదాన్ని. ఇంటి దగ్గర నా బిడ్డ సీసా పాలు తాగేది.

పక్కింటి అవ్వ చూసుకునేది. అంగన్‌వాడీలో ప్రీస్కూలుకు మూడేళ్లు నిండినంకనే తీసుకుంటరు. ఆ మూడేళ్లు మాలాంటోళ్ల పిల్లలు ఎక్కడుండాలె? ఇది నాకు ఎవ్వరూ చెప్పలే. అవ్వ లేకుంటే నా సంగతేంది?

ఇప్పుడు నా బిడ్డకు ఐదేళ్లు. నేను ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే మీద పడుతది. మొదటి అడుగు అవ్వ చూసింది, నేను చూడలే. నిజమే. కానీ నేను తల్లిని కాకుండా పోలే అమ్మా.

తులసికోట | నల్గొండ | మంగళవారం రాత్రి 10:15

నైట్ డ్యూటీ బిడ్డా, నీది చదివాక నా మాట తొందరపాటు అనిపించింది. "తల్లే" అని రాశాను. నిజానికి నా మూడో పిల్లవాడిని ఎక్కువగా పెంచింది మా అత్తగారు. ఆవిడ ఉన్నారు కాబట్టే నేను ముగ్గురిని సాకగలిగాను. ఆ సంగతి రాయకుండా నీకు నీతులు చెప్పాను. మనసులో పెట్టుకోకు.

ఇద్దరి నాన్న | బెంగళూరు | బుధవారం ఉదయం 8:30

ఇక్కడ మగవాళ్లు తక్కువగా రాస్తారు, అయినా ఒక మాట. చెల్లెమ్మా, మీవారు "నీ ఇష్టం" అనడం చెడ్డ ఉద్దేశంతో కాదు. నేనూ ఏడేళ్ల కింద అదే మాట అన్నాను. పెద్ద మనసుతో అన్నాననుకున్నాను. మా ఆవిడ ఒకటే అడిగింది: "నేను వెళ్తే నీ రోజులో ఏం మారుతుంది?" నా దగ్గర జవాబు లేదు. ఏమీ మారదు. ఆమె రోజు మాత్రమే తలకిందులవుతుంది.

తర్వాత కూర్చుని పంచుకున్నాం. పొద్దున దింపడం నాది, సాయంత్రం తేవడం ఆమెది. జ్వరం వస్తే వంతులు. డేకేర్ ఫారంలో మొదటి ఫోన్ నంబరు నాది రాశాను. అయినా ఆరు నెలల దాకా వాళ్లు ఆమెకే చేశారు. "మేడమ్ అయితే వెంటనే వస్తారు సార్" అన్నారు. నేను వెళ్లి ఆమె నంబరు కొట్టేయించి వచ్చాను.

ప్రైవేటులో తండ్రికి సెలవు ఇవ్వాలనే చట్టం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులు ఉంది. మా కంపెనీ ఐదు రోజులిచ్చింది. మిగతాది నా సొంత సెలవులు పెట్టుకున్నాను. టీములో ఒకరిద్దరు వింతగా చూశారు. చూడనివ్వండి.

డల్లాస్ వదిన | డల్లాస్ | బుధవారం రాత్రి 8:05

నేను 2011లో ఎంటెక్ పట్టాతో ఇక్కడికి వచ్చాను, హెచ్4 మీద, అంటే మావారి ఉద్యోగ వీసా వెంట భార్యకు ఇచ్చే వీసా. పని చేయడానికి వీల్లేదు. పాప పుట్టింది, అందరూ "హాయిగా ఇంట్లో ఉన్నావు" అనేవారు. మానడం నా నిర్ణయం కాదు, వీసాది. 2015 మేలో కొందరు హెచ్4 వాళ్లకు పని అనుమతి ఇచ్చారు. మావారికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్పటికే ఆమోదం అయి ఉండడంతో నాకూ వచ్చింది.

పని అనుమతి కార్డు చేతికి వచ్చిన రోజు ఏడ్చాను. తర్వాత ఇంటర్వ్యూల్లో ఏడ్చాను. నాలుగేళ్ల ఖాళీ గురించే అడిగేవారు. కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకు వెళ్లి, నాకంటే పదేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. ఆరు నెలలు మా అమ్మ, ఆరు నెలలు అత్తగారు వంతులవారీగా వచ్చి పాపను చూశారు. వాళ్లిద్దరి మోకాళ్ల మీద నిలబడింది నా ఉద్యోగం. ఆ చలిలో, భాష రాని చోట, టీవీ చూస్తూ కూర్చున్న మా అమ్మ ముఖం నాకిప్పటికీ గుర్తొస్తుంది.

ఇల్లా ఉద్యోగమా అని ఎంచుకునే వీలు ఉండడమే పెద్ద విషయం చెల్లీ. ఆ ఎంపిక తొందరగా పారేసుకోకు. ముందు సెలవు పొడిగించమని అడుగు, జీతం లేకపోయినా సరే. రాజీనామా చివరి మాట కావాలి.

బుజ్జిగాడి అమ్మ | మియాపూర్ | బుధవారం రాత్రి 11:30

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. లెక్కల అక్క చెప్పినట్టు హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాను. ఇద్దరి నాన్న గారు రాసింది మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మొదటి నంబరు నాదే రాద్దాం" అన్నారు.

ఒక్కటే అడుగుతాను. డేకేర్ మంచిదా కాదా ఎలా తెలుస్తుంది? రంగు రంగుల గోడలు, కెమెరాలు అన్నీ చూపించారు. నాకేం అర్థం కాలేదు.

బడి అత్తయ్య | హన్మకొండ | గురువారం ఉదయం 7:15

ఇది నాకు తెలిసిన పని. 22 ఏళ్లుగా చిన్న ప్లే స్కూలు, డేకేర్ నడుపుతున్నాను.

గోడలు చూడకమ్మా. ఆయాను చూడు. ఎన్నాళ్లుగా అక్కడ చేస్తోందో అడుగు. ఏడాదిలోపు పిల్లకు కావలసింది రోజూ కనిపించే ఒకే ముఖం. అది తల్లిది కానక్కర్లేదు, కానీ నెలకొకటి మారకూడదు. ఒక్క ఆయాకు ఎంతమంది చంటిపిల్లలో లెక్కపెట్టు. ముగ్గురు నలుగురికి మించితే వద్దు. సాయంత్రం నాలుగింటికి చెప్పకుండా వెళ్లు. పొద్దున పదింటికి ఏ డేకేరైనా ముచ్చటగానే ఉంటుంది. సాయంత్రం నాలుగంటే పిల్లలు నిద్ర లేచి, ఆకలేసి, అమ్మలు గుర్తొచ్చే వేళ. ఏడుస్తున్న పిల్లను ఎత్తుకున్నారా, టీవీ పెట్టి కూర్చోబెట్టారా చూడు. డైపర్ మార్చాక చేతులు కడుక్కుంటున్నారో లేదో చూడు.

మొదటి వారం పూర్తి రోజు వదలకు. మొదటి రోజు గంట, నువ్వు పక్కనే. తర్వాత గంట, నువ్వు బయట. అలా పెంచుకుంటూ పో. వెళ్లేటప్పుడు దొంగచాటుగా జారుకోకు. "అమ్మ వెళ్లి వస్తుంది" అని చెప్పి వెళ్లు. ఏడుస్తాడు. ఏడవనీ. చెప్పకుండా మాయమైతే మాత్రం తర్వాత నువ్వు పక్క గదిలోకి వెళ్లినా నమ్మడు.

ఆ చున్నీ ఉతకలేదన్నావు కదా. ఉతకకు. అలాగే వాడి సంచిలో పెట్టి పంపు. నీ వాసన ఉంటే పడుకుంటాడు.

కందిపొడి | విశాఖపట్నం | గురువారం మధ్యాహ్నం 12:40

అత్తయ్యగారూ, మీ మాటలు ప్రింట్ తీసి పెట్టుకోవాలి.

నాలాగా ఇంట్లో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. "ఖాళీగానే ఉంటావుగా" అని ఎవరైనా అంటే మనసు చివుక్కుమంటుంది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో తీర్పు ఇచ్చింది. చనిపోయిన గృహిణికి ఎంత ఆదాయం లెక్క కట్టాలనేది అందులో ఒక ప్రశ్న. మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తన అభిప్రాయం రాస్తూ, గృహిణి పనికి విలువ కట్టాల్సిందేనని చెప్పారు. ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో చూసే 2019 టైమ్ యూజ్ సర్వే లెక్కలు కూడా చూపించారు: జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97. ఐదేళ్ల తర్వాత 2024 సర్వేలో అవి 289, 88. మనిషి చనిపోయాక కోర్టు లెక్క కట్టేదాన్ని, బతికుండగా ఇంట్లోవాళ్లు ఎందుకు కట్టరు అన్నది నా బాధ.

ఒంగోలు టీచరమ్మ | ఒంగోలు | గురువారం రాత్రి 9:20

"ఉద్యోగం మళ్లీ దొరుకుతుంది" అన్న మాట మీద. దొరికింది, కానీ ఊరికే కాదు.

బీఈడీ, డీఈడీ రెండూ ఉన్నా పెళ్లి, ఇద్దరు పిల్లలతో తొమ్మిదేళ్లు ఇంట్లోనే ఉన్నాను. 2025లో ఏపీ మెగా డీఎస్సీ వచ్చింది, 16,347 పోస్టులు. గరిష్ఠ వయసు 44కు పెంచారు. అప్పటికి నాకు 41. పిల్లలు పడుకున్నాక వంటింట్లో గ్యాస్ గట్టు మీద పుస్తకం పెట్టుకుని నిలబడి చదివేదాన్ని, కూర్చుంటే నిద్ర వస్తుందని. మా పెద్దాడు సైకాలజీ బిట్లు అడిగి నా చేత అప్పజెప్పించుకునేవాడు. ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు) ఉద్యోగం వచ్చింది.

అందరికీ ఇలా జరగదు. నాతోపాటు చదివిన ఇద్దరికి రాలేదు, నాకంటే తెలివైనవాళ్లు. అందుకే ఎవరైనా మానేటప్పుడు ఒక్క మెట్టయినా ఉంచుకోండి. సర్టిఫికెట్లు, పాత ఆఫీసువాళ్లతో మాటలు, ఏడాదికో చిన్న కోర్సు. పూర్తిగా తెంచుకుంటే మళ్లీ ముడి వేయడం చాలా కష్టం.

బుజ్జిగాడి అమ్మ | మియాపూర్ | మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 10:05

చెప్పకుండా ఉండిపోయానని ఏమీ అనుకోకండి.

హెచ్ఆర్ నుంచి జవాబు వచ్చింది. మా ఆఫీసు పక్క బిల్డింగులోనే కంపెనీ ఒప్పందం పెట్టుకున్న క్రెష్ ఉందట. ఎనిమిదేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. మా ఫ్లోర్‌లో ఇంకో ఇద్దరు తల్లులకూ తెలియదు. నాలుగింటికి చెప్పకుండా వెళ్లి చూశాను. అక్కడి ఆయా ఆరేళ్లుగా చేస్తోంది. ఒక పిల్లను చంకనేసుకుని ఇంకో పిల్లకు అరటిపండు తినిపిస్తోంది. టీవీ లేదు.

నేను వెళ్తున్నాను. సంక్రాంతి దాకా చూద్దామని ఇద్దరం అనుకున్నాం. వాడికి పడకపోతే జీతం లేని సెలవు అడుగుతాను. అదీ కుదరకపోతే మానేస్తాను, కానీ కందిపొడి అక్కలాగా కాగితం రాసుకుని మానేస్తాను. మావారు షిఫ్టు మార్పించుకున్నారు. పొద్దున దింపేది ఆయనే. వంటమనిషి డబ్బులు ఆయన ఖాతాలోంచే పోతున్నాయి. పెద్దమ్మగారూ, నా జీతంలోంచి నెలకు ఐదు వేలు నా పేరు మీద వేరే ఖాతాలో వేస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

నిన్న మొదటిసారి పూర్తి రోజు. తొమ్మిదింటికి ఆయన ఫోన్ చేసి "ఏడ్చాడు, నేను బయట మెట్ల మీద పదిహేను నిమిషాలు కూర్చున్నా, ఆగిపోయాడు" అన్నారు. పదకొండింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి వెళ్లి పాలిచ్చి వచ్చాను. సాయంత్రం ఆయా చెప్పింది, మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయాడట. చున్నీ కొస పిడికిట్లో పట్టుకునే.

నైట్ డ్యూటీ | కరీంనగర్ | శుక్రవారం రాత్రి 10:22

అక్కా, మస్తు సంతోషం. ఇంకో చున్నీ కూడా రెండు రాత్రులు నీ పక్కల పెట్టుకుని పండుకో, ఉతక్కు. అది తడిస్తే మార్చనీకి ఉంటది. డ్యూటీకి పోతున్న, పొద్దున చూస్త.